ఎండుటాకుల పొగ: తోటపని గాలిని ఎలా పాడుచేస్తోంది? ఆపే మార్గమేమిటి?

న్యూఢిల్లీ: మాఘ, ఫాల్గుణ మాసాలను మన పెద్దలు శిశిర ఋతువన్నారు. బడిలో నేర్పే ఆరు ఋతువుల పాఠంలో అది ఆకురాలు కాలం. దేశ రాజధానిలోనూ ఆ లెక్క పెద్దగా తప్పదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు వేప, రావి వంటి చెట్లు పాత ఆకును వదిలి కొత్త చిగురు తొడుగుతాయి. కాలిబాటలు, కాలనీ పార్కులు, ప్రభుత్వ నివాస సముదాయాల ఆవరణలు ఎండుటాకులతో నిండిపోతాయి. తెల్లవారుజామున చీపుళ్ళ చప్పుడు వినిపిస్తుంది. కొద్దిసేపటికి ఏదో ఒక మూల నుంచి తెల్లని పొగ లేస్తుంది.

ఆ పొగను చూసి ఎవరూ ఉలిక్కిపడరు. ఢిల్లీ గాలి గురించి మాట్లాడేటప్పుడు చర్చంతా పంజాబ్, హర్యానాల పంట వ్యర్థాలు, వాహనాలు, నిర్మాణ ధూళి చుట్టూ తిరుగుతుంది. అది సహజమే. వాటితో పోలిస్తే ఎండుటాకుల మంట చిన్నది. అయితే పంట వ్యర్థాల మంటను ఆపాలంటే రైతుకు యంత్రం కావాలి, పెట్టుబడి కావాలి, రెండు పంటల నడుమ వ్యవధి కావాలి. ఎండుటాకుల మంటను ఆపడానికి ఇవేవీ అక్కర్లేదు. ఆకు రాలిన ఆవరణలోనే దానికి కొంత చోటు చూపిస్తే చాలు. ఆ చోటు లేకపోవడమే ఈ పొగకు అసలు కారణం.

తోటపని వల్ల గాలి పాడవడమన్న మాట వినడానికే వింతగా ఉంటుంది. మొక్క గాలిని శుభ్రపరుస్తుందని చిన్ననాటి నుంచి నేర్చుకున్నాం. ఆ మాట నిజమే. కానీ మొక్కను పెంచే పద్ధతి, దాని నుంచి రాలినదాన్ని వదిలించుకునే పద్ధతి, అందుకు వాడే యంత్రాలు, నేలకు వేసే రసాయన ఎరువులు గాలిని మరో దారిలో కలుషితం చేయగలవు. మన నగరాల్లో వీటిలో అన్నిటికంటే ముందు కంటపడేది ఎండుటాకుల మంటే.

చిన్న మంట, దగ్గరి పొగ

కాలుష్యాన్ని రెండు విధాలుగా లెక్కించవచ్చు. ఏ మూలం నుంచి ఎన్ని టన్నుల కాలుష్యం గాలిలోకి వెళ్తోందన్నది మొదటి లెక్క. అందులో ఎంత భాగం మనిషి ఊపిరితిత్తుల్లోకి చేరుతోందన్నది రెండో లెక్క. వార్తల్లో మొదటిదే ఎక్కువగా వినిపిస్తుంది. ఆరోగ్యం విషయంలో రెండోదీ అంతే ముఖ్యం.

ఎత్తైన పొగగొట్టం నుంచి వెలువడే పొగ మనిషిని చేరేలోపు చాలా దూరం ప్రయాణించి కొంత పలచబడుతుంది. పార్కు మూలన అంటించిన ఆకుల పొగకు అంత వ్యవధి ఉండదు. అది నేలమట్టాన పుట్టి, మనిషి ముక్కు ఎత్తులోనే ఇళ్ళ మధ్య వ్యాపిస్తుంది. పైగా ఊడ్చే పని జరిగేది ఉదయం పూట. చలికాలపు ఉదయాల్లో నేలను ఆనుకున్న గాలి చల్లగా, దానిపై ఉన్న గాలి వెచ్చగా ఉంటుంది. శాస్త్రవేత్తలు దీన్ని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. గిన్నెపై మూత పెట్టినట్లు ఆ వెచ్చని పొర కింది గాలిని పైకి పోనివ్వదు. ఎండ ముదిరేదాకా పొగ అక్కడక్కడే తిరుగుతుంది.

ఉదయపు నడకకు వచ్చిన వృద్ధులు, బడి బస్సు కోసం నిలబడిన పిల్లలు, వీధి చివర కూరగాయలు అమ్ముకునేవారు ఆ పొగనే పీలుస్తారు. వీరందరికంటే ముందు, వీరందరికంటే ఎక్కువగా పీల్చేది కుప్పను ఊడ్చి, దాని పక్కనే నిలబడి కర్రతో కదిపే పారిశుద్ధ్య కార్మికులు, తోటమాలులు.

ఆకుల కుప్పలో ఏం జరుగుతుంది?

ఎండుటాకు కదా, త్వరగా కాలి బూడిదవుతుందనుకుంటాం. విడిగా ఉన్న ఒక్క ఆకు విషయంలో అది నిజం. కుప్ప సంగతి వేరు. ఆకులు ఒకదానిపై ఒకటి అతుక్కుని ఉంటాయి. లోపలి పొరల్లో మంచు తడి, మట్టి తడి మిగిలి ఉంటుంది. గాలి సరిగా ఆడదు. అందువల్ల కుప్ప భగ్గున మండదు, లోలోపల కుములుతుంది.

మండటానికీ కుమలడానికీ మధ్య ఉన్న తేడాలోనే సమస్య అంతా ఉంది. బాగా గాలి తగిలి మండినప్పుడు ఆకులోని కర్బనంలో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. కుమిలినప్పుడు దహనం సగంలో ఆగిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్, సగం కాలిన సేంద్రియ ఆవిర్లు, అతి సన్నని కణాలు ఎక్కువగా వెలువడతాయి. ఆ కణాల్లో 2.5 మైక్రాన్లు, అంతకంటే తక్కువ పరిమాణం గలవాటిని పీఎం 2.5 అంటారు. తల వెంట్రుక మందంలో ఇవి సుమారు ముప్ఫయ్యో వంతు. ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని తడి వీటిని ఆపలేవు. ఊపిరితిత్తుల అట్టడుగు గదుల దాకా వెళ్తాయి, కొన్ని రక్తంలోనూ కలుస్తాయి.

సగం కాలిన ఆకుల పొగలో పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లనే రసాయనాలు కూడా ఉంటాయి. వీటిలో బెంజోపైరీన్ క్యాన్సర్ కారకమని రుజువైంది. మన దేశం 2009లో సవరించిన వాయు నాణ్యత ప్రమాణాల్లో దీనికీ పరిమితి విధించారు. బహిరంగ వాయు కాలుష్యాన్ని మొత్తంగా క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేరుస్తూ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లో ప్రకటించింది.

మన ప్రమాణాల ప్రకారం గాలిలో పీఎం 2.5 ఏడాది సగటున ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు, ఒక రోజు సగటున 60 మైక్రోగ్రాములు మించకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన పరిమితులు ఇంకా కఠినమైనవి. అవి వరుసగా 5, 15 మైక్రోగ్రాములు. ఢిల్లీ ఈ రెండు కొలమానాలకూ ఏళ్ళ తరబడి చాలా పైనే ఉంది. ఇప్పటికే నిండిన కుండలో పడే ప్రతి చుక్కకూ లెక్క ఉంటుంది.

మరో విషయం. వీధుల్లో ఊడ్చిన కుప్పలో ఆకులొక్కటే ఉండవు. గుట్కా పొట్లాలు, పాల ప్యాకెట్లు, ప్లాస్టిక్ సంచులు, థర్మోకోల్ ముక్కలు కలిసి ఉంటాయి. నిప్పు వాటికీ అంటుకుంటుంది. క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ తక్కువ వేడిలో కాలినప్పుడు డయాక్సిన్ల వంటి విషాలు పుడతాయి. ఆకుల మంట పేరుతో మొదలైనది చెత్త మంటగా ముగుస్తుంది.

చట్టం ఏమంటోంది?

ఈ విషయంలో చట్టానికి కొరత లేదు. ఇంధనం కాని ఏ పదార్థాన్నైనా తగలబెట్టకుండా నిషేధించే అధికారాన్ని 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టమే రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. ఢిల్లీ ప్రాంతంలో ఆకులు సహా ఎలాంటి వ్యర్థాలనూ బహిరంగంగా కాల్చరాదని, కాల్చినవారి నుంచి 5,000 రూపాయలు వసూలు చేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015 ఏప్రిల్ 28న ఆదేశించింది. 2016 డిసెంబరు 22న ఇచ్చిన మరో ఆదేశంతో బహిరంగ దహనంపై నిషేధాన్ని దేశమంతటికీ విస్తరించింది. మామూలు మంటకు 5,000, పెద్దమొత్తంలో వ్యర్థాలను కాల్చితే 25,000 రూపాయలు చెల్లించాలని నిర్దేశించింది.

ఈ రెండు ఆదేశాల నడుమ, 2016 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలను ప్రకటించింది. వాటిలో తోటల ప్రస్తావన ప్రత్యేకంగా ఉంది. తోట వ్యర్థాలను ఇతర చెత్తతో కలపకుండా తమ ఆవరణలోనే విడిగా ఉంచాలని ఆ నియమాలు యజమానులకు చెప్పాయి. పార్కులు, ఉద్యానాల వ్యర్థాలను వీలైనంతవరకు ఆ పార్కుల్లోనే శుద్ధి చేయాలని స్థానిక సంస్థలకు చెప్పాయి. కాల్చవద్దని చెప్పడంతో సరిపెట్టుకోకుండా, కాల్చనప్పుడు ఆకును ఏం చేయాలో చూపిన నిబంధన ఇది.

ఈ బాధ్యత ఢిల్లీకే పరిమితం కాదు. 2019 జనవరిలో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం పరిధిలోకి వచ్చిన నగరాల్లో హైదరాబాద్, నల్గొండ, విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, కర్నూలు, నెల్లూరు కూడా ఉన్నాయి.

అగ్గిపుల్లే ఎందుకు గెలుస్తోంది?

ఇన్ని ఆదేశాలున్నా పొగ ఎందుకు లేస్తోంది? కారణం ఆకు స్వభావంలోనే ఉంది. ఆకు బరువు తక్కువ, ఆక్రమించే చోటు ఎక్కువ. ట్రాక్టరు తొట్టి అంచుల దాకా ఎండుటాకులు నింపినా అందులో ఎక్కువ భాగం గాలే. ఇంధనం, డ్రైవరు కూలి, డంపింగ్ యార్డుకు వెళ్ళివచ్చే సమయం లెక్కవేస్తే కిలో ఆకును తరలించడానికయ్యే ఖర్చు చాలా పెరుగుతుంది. పైగా ఆకులు ఏడాది పొడవునా సమానంగా రాలవు. కొన్ని వారాల్లోనే ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఆ కొన్ని వారాల కోసం ఏ పురపాలక సంస్థా వాహనాలను రెట్టింపు చేయదు.

వీధి మాత్రం ఉదయానికల్లా శుభ్రంగా కనిపించాలి. కుప్ప కనిపిస్తే పర్యవేక్షకుడి మందలింపు. నిప్పు కనిపిస్తే జరిమానా భయం. తీసుకెళ్ళే బండి ఎప్పుడొస్తుందో తెలియదు. ఈ మూడింటి నడుమ నలిగేది చీపురు పట్టిన మనిషి. అగ్గిపెట్టె అతని సమస్యను కొన్ని నిమిషాల్లో తీరుస్తుంది. అలాంటప్పుడు జరిమానా ఒక్కటే పెంచుకుంటూ పోతే మంట ఆగకపోవచ్చు, ఎవరూ లేవని వేళకు మారవచ్చు.

చలికాలపు మంటలకు మరో కారణం తోడవుతుంది. రాత్రి కాపలా ఉండే వాచ్‌మన్‌కు డిసెంబరు, జనవరి నెలల్లో చలిమంట తప్ప ఆధారం లేకపోతే చేతికందే ఆకులు, కొమ్మలే ఇంధనమవుతాయి. ఢిల్లీ ప్రాంతంలో కాలుష్యం ముదిరినప్పుడు అమలుచేసే దశలవారీ ప్రణాళికలో ఈ సంగతిని గుర్తించారు. కాపలా సిబ్బందికి విద్యుత్ హీటర్లు సమకూర్చాలని నివాస సంక్షేమ సంఘాలకు సూచించారు. మంట పెట్టిన మనిషి అవసరమేమిటో అడిగి తెలుసుకున్నప్పుడే ఇలాంటి పరిష్కారం దొరుకుతుంది.

ఆకుకు చోటు లేకుండా పోవడానికి సిమెంటు కూడా ఒక కారణం. అడవిలో రాలిన ఆకు చెట్టు మొదట్లోనే కుళ్ళి మట్టిలో కలుస్తుంది. నగరంలో చెట్టు మొదలు దాకా టైల్స్ పరిచేస్తున్నాం. ఆకు పడటానికి మట్టి లేదు, నీరు ఇంకడానికి దారి లేదు. ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటును తొలగించాలని హరిత ట్రైబ్యునల్ 2013 ఏప్రిల్‌లోనే ఆదేశించింది. ఆనాటి ఉద్దేశం చెట్ల వేళ్ళను కాపాడటం. అలా తెరుచుకున్న మట్టి వలయం ఎండుటాకులకూ చోటిస్తుంది.

భాషలోనూ ఈ మార్పు జాడ కనిపిస్తుంది. తెలుగు పల్లెల్లో ఇంటి పెరటి పెంటకుప్ప రైతుకు ఆస్తి. పశువుల పేడ, ఊడ్చిన ఆకు, అలము అందులో చేరి, తొలకరి నాటికి బండ్లపై పొలానికి వెళ్ళేవి. ఇప్పుడు పట్నంలో పెంట అంటే అసహ్యం, గొడవ అన్న అర్థాలే ముందుకు వస్తున్నాయి. వస్తువు మారలేదు, దానితో మన సంబంధం మారింది.

ఆకును ఉన్నచోటే ఉంచితే

ఆకును దూరం తరలించడం ఖరీదైనప్పుడు, తరలించకుండా ఉండటమే తెలివైన మార్గం. ఇందుకు మూడు పద్ధతులున్నాయి.

మొదటిది, నేలపై పరచడం. చెట్ల మొదళ్ళ చుట్టూ, పొదల కింద, పూలమడుల్లో రెండు నుంచి నాలుగు అంగుళాల మందాన ఎండుటాకులు పరిస్తే చాలు. వేసవిలో నేల తడి త్వరగా ఆరదు, కలుపు తగ్గుతుంది, మట్టి పొడిబారి దుమ్ముగా లేవదు. కాండానికి ఆనకుండా కొద్దిగా ఎడం ఉంచాలి. లేకపోతే తడికి బెరడు దెబ్బతినవచ్చు. మిద్దె తోటల వారు కుండీల్లో చేసే మల్చింగ్ ఇదే.

రెండోది, కంపోస్టు. ఎండుటాకులో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. ఒక పాలు నత్రజనికి సుమారు 40 నుంచి 80 పాళ్ళ కర్బనం ఉంటుంది. ఆకును కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేయాలంటే ఆ నిష్పత్తి 25 నుంచి 30కి దిగాలి. అందుకే ఉత్త ఆకుల కుప్ప నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. దానికి పచ్చగడ్డి, కూరగాయల తొక్కలు, పేడనీళ్ళు వంటి నత్రజని ఉన్న పదార్థం కలిపితే కదలిక వస్తుంది. గుప్పెట్లోకి తీసుకుని పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి ఉండాలి. పది పదిహేను రోజులకోసారి తిరగేస్తే గాలి ఆడుతుంది. సరిగ్గా కుదిరిన కుప్ప లోపల వేడి 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ వరకు చేరుతుంది. ముక్కలు చేసిన ఆకైతే మూడు, నాలుగు నెలల్లో, ముక్కలు చేయనిదైతే అంతకంటే ఆలస్యంగా నల్లని, మట్టి వాసన వేసే ఎరువుగా మారుతుంది. మామిడి, పనస వంటి దళసరి ఆకులకు ఇంకొంత ఓపిక కావాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గాలి తగలని, నీరు నిలిచిన గుంతలో ఆకు కుళ్ళితే దుర్వాసనతోపాటు మీథేన్ వెలువడుతుంది. అది భూతాపాన్ని పెంచే వాయువు. కాబట్టి గుంత తవ్వి నింపి మరచిపోవడం కంపోస్టు కాదు. గాలి ఆడే ఇటుకల తొట్టి గానీ, ఇనుప వల చుట్టిన గూడు గానీ మేలు.

మూడోది, ఆకు అవసరమైనవారికి చేర్చడం. ఒకరి వాకిట్లో అడ్డుగా ఉన్న ఆకు మరొకరి మిద్దె తోటకు ముడిసరుకు. పుణేలో బ్రౌన్ లీఫ్ పేరుతో సాగుతున్న పౌర ప్రయత్నం ఈ ఇద్దరినీ కలిపే పని చేస్తోంది. ఆకులు పోగైనవారు సంచుల్లో నింపి తెలియజేస్తే, కావలసినవారు వచ్చి తీసుకెళ్తారు. మిద్దె తోటల సాగు పెరుగుతున్న తెలుగు నగరాల్లోనూ ఈ పద్ధతికి వీలుంది. కాలనీ వాట్సాప్ బృందం ఒక్కటి సరిపోతుంది.

పెద్ద పార్కులకు, విశ్వవిద్యాలయ ప్రాంగణాలకు ఆకులను ముక్కలు చేసే యంత్రం ఉపకరిస్తుంది. ముక్కలైన ఆకు ఆక్రమించే చోటు బాగా తగ్గిపోతుంది, త్వరగా కుళ్ళుతుంది, తప్పనిసరై తరలించాల్సి వచ్చినా బండి ఖర్చు కలిసివస్తుంది.

యంత్రాల పొగ మరో కథ

మన దేశంలో తోటపని ఇప్పటికీ చాలావరకు చీపురు, కొడవలి, కత్తెరలతోనే సాగుతోంది. అయితే గేటెడ్ కమ్యూనిటీలు, గోల్ఫ్ మైదానాలు, రహదారి డివైడర్ల వద్ద పెట్రోలుతో నడిచే గడ్డికోత యంత్రాలు, బ్రష్ కట్టర్లు, ఆకులను ఊదే బ్లోయర్లు కనిపిస్తున్నాయి. ఈ దారిలో చాలా దూరం వెళ్ళి, వెనక్కు మళ్ళిన ఒక ప్రాంతం అనుభవం మనకు పనికివస్తుంది.

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇళ్ళ ముందరి పచ్చిక, దాన్ని కత్తిరించే యంత్రం వారాంతపు దృశ్యం. అక్కడి వాయు వనరుల మండలి ఈ చిన్న యంత్రాల పొగను కొలిచి చూసింది. వృత్తిదారులు వాడే పెట్రోలు బ్లోయర్‌ను గంటసేపు నడిపితే వెలువడే పొగమంచు కారక కాలుష్యం, కొత్త కారు సుమారు 1,100 మైళ్ళు ప్రయాణిస్తే వెలువడేదానితో సమానమని లెక్కతేల్చింది. అంటే దాదాపు 1,770 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఉన్న దూరం కంటే ఎక్కువ. గడ్డికోత యంత్రం గంట పని 300 మైళ్ళ కారు ప్రయాణంతో సమానమని కూడా పేర్కొంది.

అరచేతిలో పట్టేంత ఇంజను అంత కాలుష్యం ఎలా చేయగలదు? జవాబు దాని నిర్మాణంలో ఉంది. బ్లోయర్లు, బ్రష్ కట్టర్లలో చాలావాటికి టూ స్ట్రోక్ ఇంజను ఉంటుంది. తేలిగ్గా ఉండాలి, ఎటు వంచినా నడవాలి కాబట్టి ఇందులో పెట్రోలులోనే నూనె కలిపి పోస్తారు. కాలిన పొగను బయటకు నెట్టే పని, కొత్త ఇంధనాన్ని లోపలికి తీసుకునే పని ఒకేసారి జరుగుతాయి. ఆ తొక్కిసలాటలో ఇంధనంలో గణనీయమైన భాగం కాలకుండానే పొగతోపాటు బయటపడుతుంది. కార్లకు ఉండే ఉత్ప్రేరక శుద్ధి పరికరం ఈ చిన్న యంత్రాల్లో సాధారణంగా ఉండదు. ఆ ఇంధన ఆవిర్లు ఎండలో నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి నేలమట్టపు ఓజోన్‌గా మారతాయి. ఆ యంత్రాన్ని భుజాన వేసుకుని రోజంతా పనిచేసే కార్మికుడు పొగకు అతి దగ్గరగా ఉంటాడు.

2021 అక్టోబరులో కాలిఫోర్నియా ఇందుకోసం చట్టం చేసింది. దాన్ని అనుసరించి 2024 నుంచి తయారయ్యే కొత్త బ్లోయర్లు, గడ్డికోత యంత్రాలు కాలుష్య రహితంగా ఉండాలన్న నియమం వచ్చింది. పాతవాటిని వాడుకోవచ్చు. చిన్న తోటపని వ్యాపారులు బ్యాటరీ యంత్రాలకు మారడానికి 3 కోట్ల డాలర్లు కేటాయించారు. వాషింగ్టన్ నగరం 2022 జనవరి 1 నుంచి పెట్రోలు బ్లోయర్ల వాడకాన్నే నిషేధించింది.

మనం ఇంకా ఆ యంత్రాలకు పూర్తిగా అలవాటు పడలేదు కాబట్టి ఎంపిక సులువు. కాలనీ సంఘం గానీ పురపాలక సంస్థ గానీ కొత్తగా యంత్రం కొనేటప్పుడు బ్యాటరీతో లేదా విద్యుత్తుతో నడిచేదాన్ని ఎంచుకుంటే ఒక దశ కాలుష్యాన్ని దాటవేసినట్లే. పెట్రోలు యంత్రం తప్పనప్పుడు ఫోర్ స్ట్రోక్ ఇంజను మేలు. నడి వేసవి మధ్యాహ్నాల్లో వాటిని నడపకపోవడం ఇంకా మేలు. ఓజోన్ పెరిగే సమయం అదే.

కంటికి కనిపించని రెండు మూలాలు

మొదటిది దుమ్ము. బ్లోయర్ నుంచి గాలి గంటకు 200 కిలోమీటర్లకు పైబడిన వేగంతో వెలువడుతుంది. మన రోడ్ల అంచుల్లో పేరుకున్న సన్నటి మట్టిపై దాన్ని నడిపితే ఆకు ఒక పక్కకు, దుమ్ము అందరి ముక్కుల్లోకి చేరుతుంది. పొడినేలపై చీపురుతో విసురుగా ఊడ్చినా కొంతవరకు ఇదే జరుగుతుంది. ఊడ్చేముందు కాస్త నీరు చిలకరిస్తే దుమ్ము అణుగుతుంది. వాకిట్లో కళ్ళాపి చల్లే ఇళ్ళకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు.

రెండోది యూరియా. పచ్చిక నిగనిగలాడాలని చల్లే యూరియాలో కొంత భాగం వేడికి అమ్మోనియాగా మారి గాలిలో కలుస్తుంది. అక్కడ వాహనాలు, విద్యుత్ కేంద్రాల పొగలోని ఆమ్ల వాయువులతో చేరి సన్నని కణాలుగా మారుతుంది. చలికాలపు ఢిల్లీ పొగమంచులో ఇలా గాలిలోనే పుట్టే కణాల వాటా తక్కువేమీ కాదు. ఇందులో సింహభాగం పొలాలది, పశువులదే. అయినా అలంకరణ కోసం పెంచే గడ్డికి అవసరానికి మించి యూరియా వేయడాన్ని సమర్థించుకోలేం. యూరియా చల్లిన వెంటనే నీరు పెడితే నష్టం తగ్గుతుంది. కత్తిరించిన గడ్డిని అక్కడే వదిలేస్తే అందులోని నత్రజని తిరిగి నేలకే చేరుతుంది, అసలు యూరియా అవసరమే తగ్గుతుంది.

అభ్యంతరాలు, ఆచరణ

ఆకులు పోగుపెడితే దోమలు, పాములు, తేళ్ళు చేరతాయన్నది తరచు వినిపించే భయం. దీన్ని తీసిపారేయకూడదు. దోమ గుడ్లు పెట్టేది నిలిచిన నీటిలో. కుప్ప తడిగా ఉండాలి తప్ప దాని కింద నీరు నిలవకూడదు. తరచు తిరగేసే కుప్పలో పాములు, తేళ్ళు నిలకడగా ఉండవు. అయినా చేతితో కాకుండా పారతో కదపడం, పిల్లలు ఆడుకునే చోటికి దూరంగా తొట్టి కట్టడం మంచిది. వేసవిలో పొడిగా వదిలేసిన కుప్పకు ప్రమాదవశాత్తూ నిప్పంటుకోవచ్చు. తడి ఉంచడమే దానికి విరుగుడు.

కాలనీ స్థాయిలో చేయగలిగిన పనులు తక్కువేమీ కాదు. ఆకు రాలడం మొదలయ్యేలోపే, అంటే సంక్రాంతి దాటగానే, పార్కులో ఒక మూల రెండు తొట్లు సిద్ధం చేసుకోవాలి. ఒకటి నిండుతుండగా మరొకటి కుళ్ళుతుంటుంది. ఊడ్చేవారికి ఆకుకు వేరు సంచి, ప్లాస్టిక్‌కు వేరు సంచి ఇవ్వాలి. కుప్ప కనిపించినంత మాత్రాన మందలించబోమని వారికి స్పష్టంగా చెప్పాలి. తయారైన ఎరువును ఆ పార్కుకే వాడితే బయట కొనే ఖర్చు తగ్గుతుంది. ఆ పనిలో చెమటోడ్చినవారికి ఆ మిగులులో వాటా ఇవ్వడం న్యాయం.

ఎక్కడైనా మంట కనిపిస్తే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో ఫిర్యాదు చేసే వీలుంది. ఫిర్యాదు చేయడం తప్పు కాదు. కానీ ఫొటో తీసే ముందు ఆ ఆకులను మరెక్కడైనా వేసే చోటు ఆ కార్మికుడికి మనం చూపించామా అని ఒకసారి ఆలోచించాలి.

తెలుగులో ఎరువు అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, నేలకు వేసే సత్తువ. మరొకటి, తిరిగి ఇవ్వాల్సిన అరువు. ఆకు విషయంలో ఈ రెండూ ఒకటే. చెట్టు నేల నుంచి తీసుకున్నదాన్ని ఏటా శిశిరంలో తిరిగి నేలకు చెల్లిస్తోంది. మంట పెట్టినప్పుడు ఆకులోని నత్రజనిలో ఎక్కువ భాగం గాలిపాలవుతుంది, కర్బనం పొగవుతుంది, మిగిలిన బూడిదను మరునాటి చీపురు ఊడ్చేస్తుంది. నేలకు చేరాల్సింది చేరకుండా మధ్యలోనే మన ఊపిరితిత్తులకు చేరుతుంది. ఉగాది చిగుళ్ళు తొడిగే లోపు, ప్రతి ఏడాదీ, ఆ చెల్లింపును సక్రమంగా జరగనిచ్చే అవకాశం మనకు వస్తూనే ఉంటుంది.